చెవిలో ఉంటేనే లాభం... బీరువాలో ఉంటే దండగ!

వినికిడి యంత్రం కొనబోయే ముందు ఒక్కమాట

కుక్కరు మూడు విజిల్సు వేసి ఊరుకుంది. హాల్లో టీవీ మాత్రం వీధి చివర కిళ్లీకొట్టు దాకా వినిపిస్తోంది. "అత్తయ్యా, కాస్త సౌండు తగ్గిస్తారా?" అని మీరు వంటింట్లోంచి కేకేశారు. "ఆఁ, పాలు తోడు పెట్టేశానమ్మా!" అని జవాబొచ్చింది. పిల్లలు పక్కున నవ్వారు. మీకూ నవ్వు ఆగలేదు. ఆవిడ కూడా నవ్వేశారు. కానీ ఆ తర్వాత ఆ పూటంతా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. గమనించారా?

కళ్లజోడు పెట్టుకున్నవాళ్లని చూసి మనం నవ్వం. పైగా "జోడు నప్పింది" అంటాం. చెవి వినపడనివాళ్లని మాత్రం "చెవిటి మాలోకం" అనేస్తాం. అంచేతే పెద్దవాళ్లు వినపడకపోయినా వినపడినట్టే తల ఊపేస్తారు. "సరే సరే" అంటారు. చివరికి ఓ రోజు ఇంట్లోవాళ్లకి మనసు మళ్లి, "అమ్మకి ఒక మిషను కొనేద్దాం" అని బయల్దేరతారు. అక్కడ మొదలవుతుంది అసలు కథ.

మా ఇంట్లో జరిగింది చెప్తాను, వినండి.

మా ఇంటి పొరపాటు

మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు. మూడేళ్ల కిందట మా ఊళ్లోనే ఒక షాపుకి తీసుకెళ్లాం. పేరెందుకు లెండి. "పరీక్ష ఉచితం" అని బోర్డు ఉంది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది, అద్దాల తలుపు అవతల ఆటోలు పోతున్నాయి. ఐదు నిమిషాల్లో పరీక్ష అయిపోయింది. ఆ అబ్బాయి చిన్న డబ్బీ తెరిచి, "ఇది చెవి లోపలికి వెళ్లిపోతుంది మేడమ్, పెట్టుకున్నట్టు ఎవరికీ తెలీదు" అన్నాడు. ఆ ఒక్కమాటకి పడిపోయాం. ఒక చెవికి 48 వేలు కట్టి ఇంటికొచ్చాం.

ఆవిడ దాన్ని తొమ్మిది రోజులు పెట్టుకున్నారు. నమిలినప్పుడల్లా కుయ్‌మని కూత. బ్యాటరీ కందిగింజంత. కీళ్లవాతం వేళ్లతో దాన్ని పట్టుకోవడమే గగనం, తలుపు తెరిచి అందులో కూర్చోబెట్టడం ఎక్కడ! షాపుకి ఫోను చేస్తే "అలవాటవుతుంది మేడమ్" అన్నారు. పదో రోజున ఆ మిషను కుంకుమభరిణెలోకి, భరిణె బీరువాలోకి వెళ్లిపోయాయి. మేమూ పట్టించుకోలేదు.

ఆరు నెలలు గడిచాయి. ఆవిడ బీపీ మందులు మార్చిన డాక్టరుగారు ఫోనులో, "పాత మాత్ర ఇక ఆపండి" అన్నారు. ఆవిడకి "వాడండి" అని వినపడింది. పాతదీ కొత్తదీ రెండూ వేసుకున్నారు. నాలుగో రోజు పొద్దున్నే కళ్లు తిరిగి స్నానాల గది గడప దగ్గర పడిపోయారు. ఎముకలు విరగలేదు, అదృష్టం. "డాక్టరుగారిని ఇంకోసారి అడగకపోయారా?" అంటే ఆవిడ అన్నమాట నాకింకా చెవుల్లోనే ఉంది. "అన్నిసార్లు అడిగితే విసుక్కుంటారని అడగలేదమ్మాయ్."

ఆ 48 వేలు పోయినందుకు కాదు నా బాధ. ఆ తొమ్మిది రోజుల తర్వాత "ఎందుకు పెట్టుకోవడం లేదు?" అని మేమెవ్వరం కూర్చుని అడగనందుకు. రెండోసారి కొనేటప్పుడు మాత్రం డాక్టర్లనీ, ఆడియాలజిస్టులనీ, వాడుతున్నవాళ్లనీ అడిగి అడిగి నేర్చుకున్నాను. అవే మీతో పంచుకుంటున్నాను.

"ఆపండి" కాస్తా "వాడండి" ఎందుకయింది?

వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు పోయేవి సన్నటి, పదునైన శబ్దాలు. మన మాటల్లో అచ్చులు గట్టిగా, లావుగా పలుకుతాయి. స, శ, త, ప, క లాంటి హల్లులు మెత్తగా, సన్నగా పలుకుతాయి. లోపం ఉన్న చెవికి అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. "తాత", "పాప", "కాక" మూడూ ఒక్కలాగే వినిపిస్తాయి. అంచేతే మన పెద్దవాళ్లు "వినపడుతోందమ్మా, కానీ ఏమన్నారో తెలీడం లేదు" అంటారు. అది మొండితనమూ కాదు, పరధ్యానమూ కాదు. ఉన్నదున్నట్టు చెప్తున్నారంతే.

అరిస్తే లాభం లేకపోవడానికి కారణం కూడా ఇదే. అరిచినప్పుడు అచ్చులే పెద్దవవుతాయి. మంచి వినికిడి యంత్రం చేసే పని ఆ మనిషికి ఏ శబ్దాలు ఎంత తగ్గాయో వాటిని అంత మేరకే పెంచడం. ఆన్‌లైనులో వెయ్యి, పదిహేను వందలకి దొరికే చాలా "సౌండు పెంచే" పరికరాలు గిన్నెల చప్పుడు నుంచి ఫ్యాను హోరు దాకా అన్నిటినీ కలిపి పెంచేస్తాయి. అంత హోరు మిగిలిన కాస్త వినికిడికీ మంచిది కాదు. వాటికి పెట్టే డబ్బు దండగే అనుకోండి.

ముందు చెవి డాక్టరు, తర్వాతే మిషను

షాపు గడప తొక్కేముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి ఒకసారి చూపించండి. చెవిలో గుబిలి గట్టిపడి అడ్డుపడినా వినపడదు. దాన్ని డాక్టరు పది నిమిషాల్లో తీసేస్తారు. కర్ణభేరికి చిల్లి పడటం, మధ్యచెవిలో నీరు చేరడం, చీము కారడం లాంటి వాటికి మందులో, ఆపరేషనో ఉంటాయి. వీటిని వదిలేసి మిషను కొంటే డబ్బూ పోతుంది, రోగమూ ముదురుతుంది. ఇంట్లో మాత్రం సైడుపిన్నుతో, అగ్గిపుల్లతో గుబిలి తీయకండి. వేడి నూనె పోయకండి.

ఒక ముఖ్యమైన సంగతి. రాత్రి బాగా వినపడి, పొద్దున్న లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టయితే రేపూ ఎల్లుండీ అనుకోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. అలాంటి ఆకస్మిక లోపానికి తొలి రోజుల్లో మందు పడితేనే ఫలితం ఎక్కువ. ఒక్క చెవిలోనే హోరు, తల తిరుగుడు ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు.

పరీక్ష కాగితం మీ చేతిలో ఉండాలి

డాక్టరు తర్వాత ఆడియాలజిస్టు. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను పెట్టి, సన్నటి కూతలు వినిపిస్తూ ఏది వినపడిందో రాసుకుంటారు. ఈ గ్రాఫు పేరే ఆడియోగ్రామ్. అందులో ఎర్ర సున్నాలు కుడి చెవికి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవికి. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా శబ్దాల సన్నదనం, నిలువుగా డెసిబెల్స్‌లో లోపం. గీత కిందికి దిగినకొద్దీ లోపం ఎక్కువన్నమాట. చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 25 డెసిబెల్స్ లోపు మామూలు వినికిడి. 40 దాకా స్వల్ప లోపం, 60 దాకా మధ్యస్థం, 80 దాకా తీవ్రం, ఆ పైన అతి తీవ్రం.

కూతల పరీక్షతో సరిపెట్టుకోకండి. మాటలు చెప్పి తిరిగి చెప్పించే పరీక్ష కూడా చెయ్యమనండి. అది తెలుగులోనే చెయ్యాలి సుమా! పెద్దావిడకి రాని భాషలో మాటలు చెప్పి, "అర్థం కావడం లేదు" అని రాసుకుంటే ఏం లాభం?

పరీక్షకి వేరే ఫీజు తీసుకునే చోట వెనకాడకండి. ఆ కాగితం మీ సొంతమవుతుంది. దాన్ని పట్టుకుని నాలుగు చోట్ల ధర అడగొచ్చు. "ఉచిత పరీక్ష" చేసినచోట చాలాసార్లు కాగితం చేతికివ్వరు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు కదూ! పరీక్ష చేసినవారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషను ఉందో లేదో కూడా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

ఏ రకం నప్పుతుంది?

చీర కొన్నట్టే ఇదీ. అందరికీ అన్నీ నప్పవు.

చెవి వెనక పెట్టుకునేది: చెవి వెనక మిషను, దాన్నించి సన్నటి గొట్టం, చెవిలోకి అచ్చు. చెవి అచ్చును ఆ మనిషి చెవి కొలతతోనే పోస్తారు. స్వల్పం నుంచి అతి తీవ్రం దాకా లోపాలకి ఇందులో రకాలున్నాయి. బ్యాటరీ పెద్దది, పట్టుకోవడం తేలిక. పెద్ద వయసువాళ్లకి చాలామటుకు ఇదే సుఖం.

చెవి వెనక చిన్న మిషను, చెవిలో స్పీకరు: చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది. సన్నటి తీగ చివర స్పీకరు చెవిలో ఉంటుంది. బాగానే పనిచేస్తుంది గానీ గుబిలి, చెమ్మ చేరితే ఆ స్పీకరు పాడవుతుంది. మార్చడానికి ఎంతవుతుందో ముందే కనుక్కోండి.

చెవి లోపల ఇమిడిపోయేది: కనపడదు, నిజమే. కానీ బ్యాటరీ బొత్తిగా చిన్నది, నాలుగైదు రోజులకోసారి మార్చాలి. తీవ్ర లోపానికి దీని శక్తి చాలదు. గుబిలి ఎక్కువ చేరే చెవులకీ, షుగరు వల్ల వేళ్లు తిమ్మిరెక్కే వాళ్లకీ, చేతులు వణికే వాళ్లకీ దీని జోలికి పోకపోవడమే మంచిది.

జేబులో పెట్టుకునే పాతకాలపు డబ్బా మిషను: చవక. గుండీలు పెద్దవి. కానీ చీర కొంగు రాపిడి కూడా చెవిలో గరగరమంటుంది. ఇంకో దారి లేనప్పుడు మాటే ఇది.

అందుకని షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న "కనపడుతుందా?" అని కాదు. "మా అత్తగారు తన చేత్తో తాను పెట్టుకుని, తీసుకోగలరా?" అన్నది. అక్కడికక్కడే ఆవిడ చేత మూడుసార్లు పెట్టించి, తీయించి చూడండి. బ్యాటరీ కూడా ఆవిడ చేతే మార్పించండి.

పదిహేను వేలకీ, రెండు లక్షలకీ తేడా ఏమిటి?

మామూలు డిజిటల్ మిషను ఒక చెవికి పదిహేను, ఇరవై వేల నుంచి మొదలై, రెండు లక్షలు దాటేవి కూడా ఉన్నాయి. తేడా ఎక్కడుంది? ఛానెల్స్ ఎక్కువ, రొద తగ్గించే ఏర్పాట్లు ఎక్కువ, మొబైలుతో కలిసిపోయే సౌకర్యం, ఛార్జింగు పెట్టె, చోటును బట్టి దానంతటదే మారడం... ఇలాంటివి. పెళ్లిళ్లకీ, మీటింగులకీ తిరిగే మనిషికీ, ఉద్యోగం చేసేవారికీ ఇందులో కొన్ని పనికొస్తాయి. ఇల్లు, గుడి, పక్కింటి పిన్నిగారు, సాయంత్రం సీరియలు... ఇంతే ప్రపంచమైన మనిషికి వాటిలో సగం అక్కర్లేదు.

ఇది నా మాటే కాదు. అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కాక్స్ బృందం స్వల్ప, మధ్యస్థ లోపాలున్న పెద్దవాళ్లకి మామూలు రకం, ఖరీదైన రకం రెండూ ఇచ్చి చూసింది. దేన్ని పెట్టుకున్నారో వాళ్లకి తెలియనివ్వలేదు. 2014లో, 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రెండు రకాలూ మేలు చేశాయి. రోజువారీ జీవితంలో మాత్రం రెంటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

మరి డబ్బు దేనికి పెట్టాలి? అమరికకి. కొత్త మిషను కుట్టని గుడ్డ లాంటిది. ఆడియోగ్రామ్ చూసి దాన్ని కంప్యూటరుతో ఆ చెవికి తగ్గట్టు అమర్చాలి. సన్నటి గొట్టం చెవిలో పెట్టి, కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం పడుతోందో కొలిచే పద్ధతి ఉంది. దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. అన్నిచోట్లా ఉండదు. ఉన్నచోటు దొరికితే మాత్రం వదలకండి. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు సరిచేయించుకోవాలి. మంచి దర్జీ కుట్టిన నూలు జాకెట్టు, కొలత తప్పిన పట్టు జాకెట్టు కంటే నయం కదా!

ఛార్జింగుదా, బ్యాటరీదా అన్నది ఇంకో సందేహం. వేళ్లు పట్టులేనివాళ్లకి ఛార్జింగుది హాయి. రాత్రి పెట్టెలో పెడితే పొద్దున్నకి సిద్ధం. కానీ కొన్నేళ్లకి లోపలి బ్యాటరీ బలం తగ్గుతుంది. అప్పుడు మార్చడానికి ఎంతో ముందే అడిగి రాయించుకోండి.

ఒక చెవికా, రెండిటికా?

రెండు చెవుల్లోనూ లోపం ఉంటే రెండిటికీ పెట్టుకోవడమే మేలు. పిలుపు ఎటునుంచి వచ్చిందో తెలియాలన్నా, నలుగురు మాట్లాడుతున్నప్పుడు ఒకరి మాట పట్టుకోవాలన్నా రెండూ ఉండాలి. రోడ్డు దాటేటప్పుడు బండి ఏ పక్కనుంచి వస్తోందో తెలియడం చిన్న సంగతా? ఒక చెవికి 48 వేలు పెట్టి గొప్ప మిషను కొనే బదులు అదే డబ్బుతో రెండు చెవులకీ మామూలువి కొనడం చాలామందికి లాభం. మేం రెండోసారి చేసింది అదే. ఒక చెవిలో వినికిడి బొత్తిగా లేకపోతేనో, చీము కారుతుంటేనో లెక్క వేరు. అది డాక్టరు చెప్పాలి.

డబ్బు కట్టేముందు అడగండి

1. ఇంటికి తీసుకెళ్లి వారం, పది రోజులు వాడి చూసే వీలుందా? నచ్చకపోతే ఎంత తిరిగిస్తారు? నోటిమాట వద్దు, కాగితం మీద రాయించుకోండి. షాపు నిశ్శబ్దంలో బాగా వినపడ్డది మీ వంటింట్లో మిక్సీ తిరిగేటప్పుడు ఎలా ఉంటుందో చూడాలి కదా!

2. ఈ ధరలో ఏమేం కలిసున్నాయి? చెవి అచ్చు, అమరిక, తర్వాతి సర్దుబాట్లు అందులోనివేనా, వేరే కట్టాలా?

3. గ్యారంటీ ఎన్నేళ్లు? స్పీకరు, తీగ అందులోకి వస్తాయా? పోగొట్టుకుంటే ఏమిటి?

4. రిపేరు ఎక్కడ చేస్తారు? వేరే ఊరు పంపితే ఎన్నాళ్లు? ఆ రోజుల్లో వాడుకోవడానికి ఇంకోటి ఇస్తారా?

5. ఇదే మిషనును ఇంకో ఊళ్లో ఇంకో ఆడియాలజిస్టు సర్దగలరా, లేక మీ దగ్గరికే రావాలా? పిల్లల దగ్గరికి ఆర్నెల్లు ఒక ఊరు, ఆర్నెల్లు ఒక ఊరు తిరిగే పెద్దవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

6. బ్యాటరీ ఏ సైజు? మా ఊళ్లో దొరుకుతుందా?

7. బిల్లు మీద మోడలు పేరు, సీరియల్ నంబరు రాశారా? ఇంకోటి గుర్తుంచుకోండి. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి వినికిడి యంత్రం మీద ఆ పన్ను లేదు. బిల్లులో మిషనుకి జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి.

8. "ఈరోజే కొంటే సగం ధర", "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అంటే తొందరపడకండి. అదే మోడలుకి ఇంకో రెండు చోట్ల ఎంతో అడగండి. సగానికి తగ్గించినా లాభం మిగిలే ధర ముందెంత పెంచి ఉంటారో మీరే ఊహించండి!

సర్కారు సాయం ఉంది, అడగాలి

కొనే స్తోమత లేదని ఊరుకోకండి. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముంబయిలో 1983లో పెట్టిన ఈ సంస్థ వాక్కు, వినికిడి లోపాల కోసమే ఉంది. అక్కడ పరీక్షలు చేస్తారు. అడిప్ అనే కేంద్ర పథకం కింద అర్హులకి మిషన్లూ ఇస్తారు. 1981 నుంచీ ఉన్న ఈ పథకానికి నలభై శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆదాయ పరిమితిని అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి వెళ్లేముందు కనుక్కోండి. హైదరాబాదు కోఠీలోనూ, విశాఖపట్నంలోనూ చెవి ముక్కు గొంతుకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు ఎలా తీసుకోవాలో జిల్లా ప్రభుత్వాసుపత్రిలో చెప్తారు.

అరవై దాటిన పేద వృద్ధులకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్‌లో ఇది మొదలైంది మన నెల్లూరులోనే. చేతికర్రలు, కళ్లజోళ్లు, కట్టుడుపళ్లతో పాటు వినికిడి యంత్రాలు కూడా ఈ శిబిరాల్లో ఇస్తారు. మీ జిల్లాలో శిబిరం ఎప్పుడో కలెక్టరేటులో వికలాంగుల, వృద్ధుల సంక్షేమ శాఖవారిని అడగండి. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనవాళ్లయితే సీజీహెచ్‌ఎస్‌లో మిషను ఖర్చు ఒక పరిమితి దాకా వస్తుంది. కొనకముందే అనుమతి తీసుకోవాలి. కొన్నాక బిల్లు పట్టుకెళ్తే చుక్కెదురవుతుంది.

పరీక్షా, అమరికా సరిగ్గా ఉంటే ఉచితంగా వచ్చిన మిషను కూడా బంగారమే. శిబిరంలో ఇచ్చింది గరగరమంటే మూలపడెయ్యకండి. తీసుకెళ్లి సర్దించండి.

తొలి నెల కష్టం

కొత్త చెప్పులైనా నాలుగు రోజులు కరుస్తాయి. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడ్డ బుర్రకి ఒక్కసారిగా చప్పుళ్లన్నీ వచ్చి పడితే చిరాకే మరి. తన గొంతే తనకి కొత్తగా ఉంటుంది. చీపురు చప్పుడు, పేపరు మడత చప్పుడు కూడా విసుగు పుట్టిస్తాయి. మొదట రోజుకి రెండు గంటలు, ఇంట్లో, ఒకరితోనే మాట్లాడుతూ మొదలుపెట్టమనండి. రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలి. గుడి, పెళ్లి తర్వాత. నెల దాటాక కూడా కూత, నొప్పి, హోరు ఉంటే అది "అలవాటవడం" కాదు, అమరిక లోపం. తిరిగి వెళ్లి సరిచేయించాలి. మేం చెయ్యనిది అదే.

మిషను పెట్టుకున్నా మనం చెయ్యాల్సింది కొంత ఉంటుంది. వంటింట్లోంచి కేకలు వెయ్యకుండా ఎదురుగా వచ్చి, మొహం కనపడేలా, నిదానంగా మాట్లాడండి. అర్థం కాకపోతే అదే మాటని మళ్లీ అరవకుండా ఇంకోలా చెప్పండి. డాక్టరు చెప్పినవి మాత్రం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

జాగ్రత్తలు నాలుగే

బ్యాటరీ మీద అతికించిన రంగు కాగితం తీయగానే గాలి తగిలి పనిచెయ్యడం మొదలవుతుంది. ఒక నిమిషం ఆగి పెట్టండి. మళ్లీ కాగితం అతికించినా లాభం లేదు. వాడేటప్పుడే తీయాలి. కాగితం రంగే సైజు గుర్తు. పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675. పసిపిల్లలకి అందకుండా దాచండి. మింగితే ప్రాణాపాయం.

తలకి నూనె రాసుకునేటప్పుడు, స్నానానికి వెళ్లేటప్పుడు తీసెయ్యాలి. పండగ తలంటు రోజున మరీ జాగ్రత్త!

రాత్రి తీశాక బ్యాటరీ తలుపు తెరిచి, చెమ్మ పీల్చే సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టండి. మన వానాకాలానికీ, కోస్తా ఉక్కపోత చెమటకీ ఇది తప్పనిసరి. ఫ్రిజ్ మీదా, పొయ్యి గట్టు మీదా, ఎండలోనూ వద్దు.

పొద్దున్నే పొడిగుడ్డతో తుడవండి. చెవి అచ్చు విడదీయగలిగేదైతే దాన్నొక్కదాన్నే గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే తగిలించండి. మిషనుకి మాత్రం నీరు తగలనివ్వకండి.

ఇక అసలు లెక్క

పాలవాడి పద్దు రాసే పుస్తకంలోనే ఈ లెక్కా వేశాను. మొదటి మిషను 48 వేలు, వాడింది తొమ్మిది రోజులు. అంటే రోజుకి ఐదు వేల మూడు వందల పైచిలుకు! రెండోసారి చెవి వెనక పెట్టుకునేవి, జత 40 వేలు. ఐదేళ్లు వస్తాయనుకుంటే ఏడాదికి 8 వేలు. బ్యాటరీలకి మా ఇంట్లో ఏడాదికి సుమారు 3 వేలవుతోంది. మొత్తం 11 వేలు. రోజుకి 30 రూపాయలు. మిషను చవకదా, ఖరీదైనదా అన్నది షాపువాడి బిల్లు చెప్పదు. రోజుకి ఎన్ని గంటలు చెవిలో ఉంటోందన్నదే చెప్తుంది.

ఆలస్యం కూడా ఖర్చే. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణులు 2017, 2020, 2024 నివేదికల్లో నడివయసులో వచ్చే వినికిడి లోపాన్ని, ముసలితనంలో మతి తప్పే జబ్బుకి దారితీసే, మనం సరిదిద్దుకోగల కారణాల్లో ఒకటిగా చేర్చారు. మాట వినపడని మనిషి మెల్లగా మాటలకే దూరమవుతుంది. ఆ దూరాన్ని ఏ బిల్లులో వేస్తాం?

మా అత్తగారు ఇప్పుడు పొద్దున్న పూజ అవగానే రెండు చెవులకీ మిషన్లు తగిలించుకుంటారు. ప్రతి ఆదివారం మనవడు బ్యాటరీలు చూస్తాడు. మొన్న కొత్త డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, "ఆపమన్నారా, వాడమన్నారా? సరిగ్గా చెప్పండి నాయనా" అని ఆవిడే రెండుసార్లు అడిగారు. విసుక్కుంటారన్న బెంగ పోయింది.

నాకు మాత్రం ఒక్కటే చిక్కొచ్చిపడింది. వంటింట్లో గిన్నెలు తోముకుంటూ నాలో నేను గొణుక్కునేవన్నీ హాల్లో ఆవిడకి వినపడిపోతున్నాయి. "ఏమిటమ్మాయ్, నా మీదేనా?" అని అక్కణ్ణించే అడుగుతున్నారు!